గోడకన్నంలో ఉన్ని ఉండ

పదకొండింటికి పిలుస్తామని గుమస్తా చెప్పి వెళ్ళాడు, ఇప్పుడు పదీ అయిదు, అంటే ఈ చెక్క బెంచీ మీద ఇంకో గంట కూర్చోవాలి, మోకాళ్ళు అప్పుడే పట్టేశాయి, బెల్‌గ్రేడ్ నుంచి రెండు గంటలు కారు తోలేసరికి నడుం బిగుసుకుపోయింది, కిటికీ అద్దాలు కొషవా గాలికి గడగడ కొట్టుకుంటున్నాయి. డాన్యూబ్ లోయలోంచి తోసుకొచ్చే ఈ గాలి మొన్న మొదలైందట, కోర్టు నడవాలో ఎవరు తలుపు తీసినా అటువైపు కాగితాలు ఇటువైపు లేస్తున్నాయి, గుమస్తాలు తిట్టుకుంటూ ఏరుకుంటున్నారు. నా కాగితాలు సంచీలో భద్రంగా ఉన్నాయి, పదకొండు పేజీలు, శుక్రవారమే కోర్టుకి పంపాను, జడ్జి చదివింది, ప్రాసిక్యూటర్ చదివాడు, ఇద్దరు వకీళ్ళూ చదివారు, ఇక నేను లోపలికి వెళ్ళి అదే మళ్ళీ చెప్పి, అడిగినదానికి జవాబిచ్చి, సంతకం పెట్టి కారెక్కాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. శవాన్ని కోయడం, చూడడం, రాయడం, వచ్చి చెప్పడం. శవం దగ్గర నాకెప్పుడూ అలసట రాలేదు. చెప్పడం దగ్గరే వస్తుంది, ఈమధ్య మరీ ఎక్కువగా, పొద్దున లేచి బూట్లు తొడుక్కునేటప్పుడే మొదలవుతుంది. అదిగో, నడవా చివర్నుంచి నల్ల బట్టల్లో ఒకావిడ గోడ పట్టుకుని వస్తోంది, ఖాళీ బెంచీలు నాలుగున్నాయి, ఏదో ఒకటి చూసుకుని కూర్చోవచ్చు కదా, కూర్చోదు, నా వైపే వస్తోంది, ఆవిడెవరో నాకు తెలుసు, పదకొండు పేజీల్లో తొమ్మిదో పేజీ అంతా ఆవిడే.

"జరగండమ్మా కాస్త. కాళ్ళు లాగేస్తున్నాయి" అంటూ కూర్చుంది. రదోయ్కా. అరవై తొమ్మిదేళ్ళు. చనిపోయిన ద్రాగిషాకి తల్లి. తొమ్మిది నెలల కింద నా బల్ల మీద పడుకున్న మనిషికి తల్లి, ఆ ముక్కూ ఆ గడ్డమూ ఆవిడవే, గడ్డం మధ్యలో గుంట కూడా ఆవిడదే. అతని వయసు ముప్ఫై నాలుగు, పొలం పని చేసిన చేతులు, కడుపులో చిక్కుడుగింజల పులుసు, కాస్త రాకియా సారా, ఒళ్ళంతా లేతగులాబి రంగు. ఆ రంగు చూడగానే నాకు సగం తెలిసిపోయింది. చచ్చినవాళ్ళు పాలిపోతారు, నీలమవుతారు, బొగ్గు పొగలో కంటికి కనబడకుండా ఉండే విషవాయువు పీల్చినవాళ్ళు మాత్రం ఎర్రగా, పూర్తి ఆరోగ్యంతో ఎండలో నడిచొచ్చి నిద్రపోయినట్టు ఉంటారు. నా దగ్గరికి మొదటిసారి అలాంటి శవం వచ్చినప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు, ఒక నర్సు, ఆమెకి ఊపిరుందేమో అని మెడ మీద వేలు పెట్టి చాలాసేపు చూశాను, ఎవరూ చూడకుండా.

"మీరే కదూ మా వాణ్ణి చూసిన డాక్టరమ్మ? నెవెన్కా గారు?"

అవునన్నాను. కాదని ఎలా అంటాను. ఇలా సాక్షులతో మాట్లాడకూడదు, అది ఈవిడకి తెలియదు, నాకు తెలుసు, లేచి ఇంకో బెంచీకి వెళ్ళొచ్చు, మోకాళ్ళు లేవనివ్వలేదు అని చెప్పుకుంటే సరిపోతుంది గానీ అది నిజం కాదు.

"మీ కుట్టు చూశాను. స్నానం చేయించింది నేనే కదా. నేను కూడా కుట్టేదాన్నేనమ్మా, ఊరంతా నా దగ్గరకే వచ్చేవాళ్ళు. చిన్న చిన్న పోగులు, ఎంత ఓపిగ్గా కుట్టారో. కాలర్ గుండీ పెడితే ఏం కనబడలేదు. అప్పుడే అనుకున్నాను, ఎవరో చెయ్యి తెలిసిన మనిషే అని." ఒళ్ళోని గుడ్డమూట విప్పింది, జున్ను పెట్టి పొరలు పొరలుగా కాల్చిన గిబానిత్సా, ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. "తినండి. కోర్టులో కాఫీ తాగితే కడుపు మంట తప్ప ఏముంది. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి డాక్టరమ్మా. పక్కింటి స్తోయాంకా అయితే, లేచి కూర్చుంటాడేమో చూడవే అంది. పెళ్ళిలో కూడా అంత అందంగా లేడు. అప్పుడు మూతి ముడుచుకుని ఉన్నాడు, బూట్లు కరిచాయని."

గిబానిత్సా ఇంకా గోరువెచ్చగా ఉంది. పొద్దున నాలుగింటికి లేచి చేసి ఉంటుంది. నమిలాను, మింగాను, బావుందన్నాను. ఏం చేస్తున్నాను నేను? చెయ్యి కడుక్కోవాలనిపించింది. బల్ల దగ్గరైతే పక్కనే కుళాయి ఉంటుంది.

మొదట వంట మీదే పడ్డారు అందరూ. వాంతి చేసుకున్నాడు, పక్క మీదా నేల మీదా చిక్కుడు పులుసు, వండింది కోడలు బిల్యానా, ఇంకేం కావాలి. కొట్టంలో ఎలుకల మందు డబ్బా దొరికింది, ఆ ఊళ్ళో ఏ కొట్టంలో చూసినా అది దొరుకుతుంది. జిల్లా డాక్టరు విషప్రయోగం అనుమానం అని రాసి నా దగ్గరకి పంపాడు. రక్తంలో ఎలుకల మందు లేదు, ఆ వాయువు ఉంది, అరవై శాతం, మనిషిని రెండుసార్లు చంపడానికి చాలినంత. పడుకున్న గదిలోని పొయ్యి కారణం. అక్కడితో ప్రమాదం అని ముగిసిపోవాలి. కానీ మిలుటిన్ వెళ్ళి గది చూశాడు. పోలీసుల తరఫున సంఘటనా స్థలాల్లో సాక్ష్యాలు ఏరే మనిషి, నాతోపాటే ముసలివాడయ్యాడు, ఫొటోలు తీసేటప్పుడు ఏదో ఒకటి పాడుతూ ఉంటాడు. గోడలో గాలి కోసం వదిలిన పిడికెడు కన్నం, దాంట్లో ఏదో కుక్కి ఉంది. బయటివైపు నుంచి. మరి ఆ మధ్యాహ్నం మొగుడూపెళ్ళాలకి గొడవ. బిల్యానా అక్క ఇంట్లో పండగ, వస్తానన్న మనిషి పొద్దుటినుంచే తాగి పడుకున్నాడు, ఆ అమ్మాయి నాలుగింటి బస్సుకి ఒక్కతే బయల్దేరుతూ వాకిట్లో నిలబడి అరిచింది, "ఆ గదిలోనే పడుండు, ఊపిరాడక చావు!" అని. ముగ్గురు విన్నారు. ముగ్గురూ పోలీసులకి ఒకే మాట చెప్పారు, బిల్యానాని పట్టుకుపోయారు. నా పెళ్ళి పదమూడేళ్ళు నడిచింది, అందులో నేను మా ఆయన్ని ఎన్ని రకాలుగా చావమన్నానో, ఆయన ఇప్పటికీ నొవిసాద్‌లో బతికే ఉన్నాడు, కొత్త పెళ్ళాంతో కుక్కని తిప్పుకుంటున్నాడు. బతికుండబట్టి ఆ మాటలకి లెక్కలేదు. చస్తే ప్రతి మాటా రుజువే.

అదిగో తీసుకొస్తున్నారు. ఇద్దరు గార్డుల మధ్య బిల్యానా, సన్నబడిపోయింది, స్వెటర్ భుజాల మీంచి జారుతోంది, బేడీలతో చేతులు ముందుకి. రదోయ్కా గుడ్డమూట ఒళ్ళోకి లాక్కుంది, దాన్నెవరో ఎత్తుకుపోతారన్నట్టు.

"చూడండి ఎలా నడుస్తోందో, రాణీగారు" అంది, వినబడేలాగే. "నా కొడుకు మట్టిలో, ఈవిడ గవర్నమెంటు తిండి తింటోంది."

ఆ అమ్మాయి తలెత్తలేదు. దాటిపోయాక మాత్రం ఒక్క క్షణం అడుగు తడబడింది, గార్డు మోచెయ్యి పట్టుకున్నాడు, తలుపు మూసుకుంది, మళ్ళీ అద్దాలు గడగడలాడాయి.

ఆగస్టులో మిలుటిన్ ఫోన్ చేశాడు, నేను మార్కెట్లో మిరపకాయలు ఏరుకుంటున్నాను, శీతాకాలానికి పచ్చడి పెట్టుకోవాలని. "డాక్టర్‌గారూ, ఆ ఉండ నన్ను నిద్రపోనివ్వట్లేదు" అన్నాడు. ఏ ఉండ అన్నాను. "గోడ కన్నంలోది. కాగితం సంచీలో పెట్టి సీలు వేసి ఇచ్చాను, మూసి ఉందా లేదా అన్నది తప్ప ఎవరూ ఇంకేం అడగలేదు. నేనే మళ్ళీ ఫొటోలు చూశాను. ఉన్ని మేజోడు అండీ, లోపల పాత గుడ్డలు కూరి, గుండ్రంగా చేసి, చుట్టూ కుట్టారు. నీలం దారం. పోగు పక్కన పోగు. మొగుణ్ణి చంపాలనుకున్నవాళ్ళు చేతికందిన గుడ్డ కుక్కి పోతారు. కూర్చుని కుడతారా?" ఫోన్ పెట్టేశాక చాలాసేపు మిరపకాయల ముందు అలాగే నిలబడ్డాను, అమ్మేవాడు "తీసుకుంటావా, వాటితో మాట్లాడుతున్నావా అక్కా?" అనేదాకా. తర్వాత ఉత్తరాలు, అనుమతులు, సీలు విప్పడానికి ఇద్దరు సాక్షులు, ఆరువారాలు. మేజోడు చిన్నది, ఏడెనిమిదేళ్ళ పిల్లాడిది, మడమ దగ్గర అతుకు. దారం చివర కత్తెరతో కోసింది కాదు, భూతద్దం కింద నలిగి చదునుగా ఉంది, పళ్ళతో కొరికి తెంపారు, కొరికినచోట ఎండిన ఉమ్మి. మా పక్క గదిలో పనిచేసే అమ్మాయి దాంట్లోంచి డీఎన్ఏ తీసింది. బిల్యానాది కాదు. చనిపోయినవాడి రక్తంతో పెట్టి చూస్తే సగానికి సగం కలిసింది. తల్లిది.

కుట్టింది ఎవరో తెలిసింది గానీ పెట్టింది ఎవరో తెలియదు. పొద్దున మెట్ల మీద ప్రాసిక్యూటర్ ఆపి అదే అన్నాడు, కుర్రవాడు, మంచివాడే, పెళ్ళికి కుట్టించుకున్న సూటు ఇంకా వేసుకుంటున్నాడు. "అత్త కుట్టి అలమారులో పెట్టుకుని ఉండొచ్చు కదా డాక్టర్. కోడలు తీసుకెళ్ళి కన్నంలో పెట్టింది. అది కాదని మీ కాగితంలో ఎక్కడుంది?" ఎక్కడా లేదన్నాను. ఉన్ని మీద ఎవరి వేలిముద్రలూ నిలవవు. మరి తల్లికి చెప్పారా అని అడిగాను. ఆవిడ వకీలు చెప్పాలి అన్నాడు. ఆవిడ వకీలు నన్ను చూడగానే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు, దగ్గరికి వెళ్తే ఫోన్ దించి, "మూడు రోజుల్నుంచి అనుకుంటున్నానండీ, నోరు రావట్లేదు. లోపల మీ నోటితో వస్తే మర్యాదగా ఉంటుంది" అన్నాడు. మర్యాదగా. నలుగురికి తెలుసు, నలుగురూ నాకు వదిలేశారు, బహుశా అందుకే ఆవిడతో ఎవరూ మాట కలపలేదు, నడిచి నడిచి నా దగ్గరికి వచ్చింది.

"ఇదిగో, గాలి ఇలాగే కొట్టింది ఆ రోజు కూడా" అంటోంది రదోయ్కా కిటికీ వైపు చూస్తూ. "ఇంతకంటే ఎక్కువే. ఆ గది వేసవి వంటగది కదమ్మా, గోడలు పల్చన, వెచ్చదనం నిలవదు. వాడికి చిన్నప్పట్నుంచీ చెవిపోటు. గోడలో కన్నం ఒకటుంది, మా ఆయన పెట్టించాడు, ఉల్లిపాయలు కుళ్ళకుండా. ఏటా చలికాలం దానికి నేనో ఉండ పెట్టేదాన్ని, వాడి చిన్నప్పటి మేజోడుతోటే కుట్టాను, పారెయ్యబుద్ధి కాక. ఈసారి ఇనప పొయ్యి తెచ్చుకున్నాడు, కోటలో రాజులాగా ఉందే అమ్మా అన్నాడు, ఆ సందట్లో ఉండ పెట్టడం మరిచిపోయాను. టీవీలో వార్తలు అయ్యాక పడుకుందామని వెళ్తుంటే వినబడింది, ఆ కన్నంలోంచి ఈల. ఊఁ అని. తాగి పడుకున్నాడు, గాలి సరిగ్గా తలమీదకి. లేపడం ఎందుకని బయటికెళ్ళి, బకెట్ బోర్లించి ఎక్కి, నేనే పెట్టాను. ఎక్కేటప్పుడు కాలు కూడా జారింది, ఇదిగో ఇక్కడ మచ్చ. ఈల ఆగింది. నాకు హాయిగా నిద్ర పట్టింది." ఒళ్ళో పడిన పొడి దులుపుకుంది. "ఆ రాక్షసి పొయ్యి గొట్టం తిప్పేసి పోయిందని నాకేం తెలుసు? మా వకీలు చెప్పాడుగా, గాలి దారి మూసిందని. గొట్టానికి ఒక మూత ఉంటుంది, తిప్పితే మూసుకుంటుంది. తర్వాత చూస్తే ఆ ఉండ కూడా లేదు. కుక్క లాక్కుపోయి ఉంటుంది."

గిబానిత్సా ముక్క ఇంకా నా చేతిలోనే ఉంది, వేళ్ళకి నూనె. ఇరవై నిమిషాలుంది. అయిపోయింది, తెలియాల్సింది తెలిసిపోయింది, వార్తలు అయ్యాక అంటే ఎనిమిది, బిల్యానా బస్సు నాలుగింటికి. ప్రాసిక్యూటర్ అడిగినది ఇదే, కాగితంలో లేనిది, ఏ భూతద్దం కిందా కనబడనిది, ఈవిడ నాకు రొట్టెతోపాటు పెట్టేసింది. ఇప్పుడు నేను ఒక్క మాట అంటే చాలు, అమ్మా, నాకు చెప్పింది జడ్జిగారికి కూడా ఇలాగే చెప్పండి, అంతే, చెప్తుంది, మచ్చ కూడా చూపిస్తుంది, ఎందుకు చెప్తోందో తెలియకుండా. రాతలో పడుతుంది. బిల్యానా ఇంటికి పోతుంది. ఆ తర్వాత ఈవిడకి అర్థమవుతుంది, అందరి ముందు, మాట నోట్లోంచి వచ్చాక. లేదా ఇప్పుడే ఇక్కడే నిజం చెప్పాలి. చెప్తే నోరు మూసుకోవచ్చు. ఎవరైనా మూసుకుంటారు. నేను కుట్టాను, పెట్టింది అదే, అంటే చాలు, కాదని రుజువు చెయ్యడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు, నా దగ్గరా లేదు, నేను విన్నాను అని లేస్తే సాక్షితో మాట్లాడిన నిపుణురాలి మాట ఎవరు నమ్ముతారు. ఒకపక్క తొమ్మిది నెలలు జైల్లో ఉన్న పిల్ల. ఒకపక్క నాలుగింటికి లేచి పిండి కలిపిన ఈవిడ. తూచమని నాకెవరు చెప్పారు? నా పని రక్తం తూచడం వరకే.

ఒకసారి హద్దు దాటాను. పందొమ్మిదేళ్ళ కింద, దక్షిణాన ఒక పిండిమర యజమాని కేసు, తల మీద దెబ్బ పడిపోతే తగిలిందా కొడితే తగిలిందా అని అడిగారు, రెండూ కావచ్చు అని ఆగాలి, ఆగకుండా "బహుశా కొడితేనే" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు, వేడిగా ఉంది, త్వరగా ఇంటికి పోవాలి, జడ్జి తల ఊపుతూ ఉంటే ఇంకాస్త ఇవ్వాలనిపించింది. అతని తమ్ముడికి పదకొండేళ్ళు జైలు పడింది. ఆరో ఏడు ఇంకొకరు ఒప్పుకున్నారు. విడుదలయ్యాక ఆ మనిషి మా సంస్థకి వచ్చాడు, నన్ను కొడతాడనుకున్నాను, కొట్టలేదు, మెట్ల దగ్గర నిలబడి నన్ను తేరిపార చూసి, "మీరు పొడుగ్గా ఉంటారని గుర్తు" అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ తెలియనిదాన్ని తెలియదు అంటూ వచ్చాను, ఆ ఒక్క మాట మీద నా ఉద్యోగమంతా నిలబెట్టుకున్నాను. ఇప్పుడు తెలిసింది. తెలిస్తే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. మోసంతో చెప్పించుకుని కాగితం మీద పెట్టించడం చాలా తేలిక, రోజూ చేస్తారు, పోలీసులు చేస్తారు, వకీళ్ళు చేస్తారు, నేను అలిసిపోయాను కూడా, పైగా అది న్యాయమే. కానీ ఈవిడ నా కుట్టు చూసింది. ఆ ఒక్కటీ అడ్డం వస్తోంది. కొడుకు ఛాతీ మీద నా పోగులు లెక్కపెట్టి, చెయ్యి తెలిసిన మనిషి అనుకుంది.

"అమ్మా" అన్నాను. "ఆ గొట్టం మూత తిప్పి లేదు. తెరిచే ఉంది. మేం చూశాం."

"మరి?"

"పొయ్యి మండాలంటే గదిలోకి కొత్త గాలి రావాలి. అది ఆ కన్నంలోంచే వస్తుంది. ఆ రాత్రి కొషవా గొట్టంలో పొగని కిందకి తోసింది, గదిలోకి. వెళ్ళడానికి దారి లేదు, రావడానికి గాలి లేదు."

నా మొహం చూస్తూ ఉంది. పెదాలు కదులుతున్నాయి, నా మాటలే మళ్ళీ అనుకుంటోంది, పాఠం వల్లె వేసినట్టు. నేను కళ్ళు దించుకోలేదు. దించుకోవాలని ఎంత ఉన్నా.

"ఉండని కుక్క తీసుకుపోలేదమ్మా. మా దగ్గరుంది. నీలం దారంతో కుట్టింది."

నడవాలో ఎవరో నవ్వారు, ఎవరో తలుపు వేశారు. రదోయ్కా గుడ్డమూట నాలుగు కొసలూ కలిపి ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. చేతులు అలవాటు పనికి వెళ్ళిపోయాయి, ఆవిడ ఎక్కడో ఉంది, బకెట్ మీద నిలబడి ఉంది బహుశా. నేను మాట్లాడితే ఏం మాట్లాడాలి? మీ తప్పు కాదు అనా? అది నా కాగితంలో లేదు.

"లేచాడా?" అంది చివరికి. "మధ్యలో. పిలిచాడా నన్ను?"

"కడుపులో తిప్పి లేచి ఉంటాడు. వాంతి చేసుకున్నాడు. తాగినందుకే అనుకుని మళ్ళీ పడుకుని ఉంటాడు. తర్వాత నిద్రే. నొప్పి ఉండదు."

"పిలిచాడా అని అడిగాను."

"తెలియదమ్మా."

తల ఊపింది. వకీలు వచ్చాడు, నన్నూ ఆవిణ్ణీ చూసి ఆగిపోయాడు, "పిలుస్తున్నారు" అన్నాడు నేలకేసి చూస్తూ. ఆవిడ లేచి నాకంటే ముందు నడిచింది, ఈసారి గోడ పట్టుకోలేదు. నన్ను చూడలేదు. నేను వెనకాల నడుస్తూ అనుకున్నాను, పోయింది, బిల్యానా పని అయిపోయింది, నీ ఒక్కదాని మనశ్శాంతి కోసం.

లోపల వేడి ఎక్కువ, రేడియేటర్లు కాలిపోతున్నాయి. నిలబడ్డాను, చెప్పాను, రంగు, రక్తం, శాతం, మేజోడు, దారం, పళ్ళ గుర్తు, ఉమ్మి. తల్లిది అన్నప్పుడు వెనక బెంచీల్లోంచి ఊరివాళ్ళ గుసగుస లేచింది, జడ్జి బల్ల మీద పెన్నుతో కొట్టింది. బిల్యానా మొదటిసారి తలెత్తి చూసింది, నన్ను కాదు, అత్తని. ప్రాసిక్యూటర్ అడగాల్సింది అడిగాడు, "దాన్ని కన్నంలో పెట్టింది ఎవరో మీరు చెప్పగలరా?" నాలుక మీద ఉంది. ఒక బకెట్, ఒక మచ్చ, ఎనిమిది గంటలు. "పరీక్షల్లో అది తేలదు" అన్నాను. జడ్జి రాయించుకుంది, అది తేలదు. కూర్చోమంది. కూర్చున్నాను. ప్రాసిక్యూటర్ తర్వాతి కాగితం తిప్పుతున్నాడు. అప్పుడు రదోయ్కా లేచింది. ఎవరూ పిలవలేదు. వకీలు కొంగు పట్టి లాగినట్టు ఆవిడ శాలువా అంచు పట్టుకుని లాగాడు, విదిలించేసింది.

"నేను పెట్టాను" అంది. "రాసుకోండి. వార్తలయ్యాక. అది అప్పటికే వాళ్ళ అక్క ఊళ్ళో ఉంది."

"అమ్మా, మీ మీదకి కేసు రావచ్చు, చెప్పనవసరం లేదు" అంది జడ్జి, మెల్లగా. "అర్థమైందా?"

"అర్థమైంది. ఇందాక ఒకావిడ అర్థమయ్యేట్టు చెప్పింది." శాలువా భుజం మీదకి లాక్కుంది. "చలి గాలి తలకి కొడుతోందని పెట్టాను. ఆ పిల్లని వదిలెయ్యండి. తొమ్మిది నెలలు దాన్ని నేను రోజూ తిట్టుకున్నాను, నిద్ర లేవగానే, దేవుడికంటే ముందు."

ప్రాసిక్యూటర్ చాలాసేపు కిటికీలోంచి చూసి కేసు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. మిగతాది తర్వాత చూద్దాం అన్నాడు. చూడడని అనుకుంటాను, ఫైలు మూసిన తీరులో తెలిసింది.

కాగితాల పని తెమిలేసరికి రెండయింది. సంతకాలు పెట్టి బయటికొస్తే గాలి కారు తలుపు తియ్యనివ్వలేదు, ఒళ్ళంతా బరువు పెట్టి లాగాను. వెనక ఎవరో పిలిచారు. బిల్యానా, చేతిలో ప్లాస్టిక్ సంచీ, చేతులు ముందుకి పెట్టుకునే నిలబడింది, ఇంకా అలవాటు పోలేదు.

"డాక్టర్‌గారూ, ఒక్కటి అడగాలి. ఆ రోజు నేను పోట్లాడకుండా ఉండుంటే. ఇంట్లోనే పడుకుని ఉంటే. మెలకువ వచ్చేదా నాకు? తలుపు తీసేదాన్నా?"

ఇద్దరున్న గదుల్లో చాలాసార్లు అదే జరుగుతుంది. ఒకరు వాంతి చేసుకుంటారు, ఇంకొకరు లేస్తారు, తలుపు తెరుస్తారు, బతుకుతారు. అలా బతికిన మూడు కుటుంబాలు నాకు తెలుసు. అలా కాకుండా ఇద్దరూ పక్కపక్కన గులాబి రంగులో పడుకున్నవాళ్ళూ తెలుసు. ఏది జరిగేదో తెలియదు. నిజంగా తెలియదు.

"మీరూ పోయేవాళ్ళు" అన్నాను. "ఖాయంగా. పరీక్షల్లో తేలింది."

నా మొహంలోకి చూసింది, నమ్మాలా వద్దా అని, తర్వాత ఒక పెద్ద ఊపిరి తీసుకుంది, గాలి ఆ ఊపిరిని ఎటో లాక్కుపోయింది. థాంక్స్ చెప్పలేదు. అక్క ఊరికీ అత్త ఊరికీ ఒకటే బస్సు, రోడ్డుకి అవతల స్టాపులో రదోయ్కా అప్పటికే నిలబడి ఉంది, తలగుడ్డ రెండు చేతులతో పట్టుకుని. బిల్యానా రోడ్డు దాటింది, ఆవిడకి పదడుగుల దూరంలో, చెత్తడబ్బాకి ఇవతల ఆగింది. ఇద్దరూ ఒకే వైపు, బస్సు వచ్చే వైపు చూస్తున్నారు. నేను ఇంజన్ వేసి, హీటర్ వేసి, కదలకుండా కూర్చున్నాను. రేపు పొద్దున ఎనిమిదింటికి బల్ల మీద ఒకతను ఉన్నాడు, కాలవలో దొరికాడట, ఈ రాత్రి నిద్రపోవాలి, పడుతుందో లేదో. బస్సు వచ్చింది, నిండుగా ఉంది, ముందు బిల్యానా ఎక్కింది. ముసలావిడ కదల్లేదు. ఎక్కాలని లేదేమో, ఎక్కొచ్చో లేదో తెలియలేదేమో. డ్రైవర్ ఏదో అరిచాడు. బిల్యానా వెనక్కి తిరిగింది, ఏం అనలేదు, చెయ్యి అందించలేదు, కానీ లోపలికి పోకుండా ఒక కాలు మెట్టు మీదే పెట్టి తలుపుకి అడ్డంగా నిలబడింది, డ్రైవర్ హారన్ కొట్టినా తియ్యలేదు, ఆవిడ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి ఎక్కేదాకా.